తండ్రి పేరు దగ్గర ఖాళీ

ఓ శనివారం రాత్రి హాస్టల్ రూములో ఐదుగురం ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి ఒక బ్లాక్ అండ్ వైట్ సినిమా చూశాం. పేరు 'కైండ్ హార్ట్స్ అండ్ కొరోనెట్స్'. 1949లో లండన్‌లోని ఈలింగ్ స్టూడియో తీసింది, దర్శకుడు రాబర్ట్ హేమర్. కొరోనెట్ అంటే ఇంగ్లండ్‌లో ప్రభు వంశీకులు పెట్టుకునే చిన్న కిరీటం. సినిమా మొత్తం ఆ కిరీటం చుట్టూనే తిరుగుతుంది.

కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. డాస్కాయిన్ అనే డ్యూకుల వంశంలో పుట్టిన ఒక అమ్మాయి, ఇటలీ నుంచి వచ్చిన పాటగాణ్ణి ప్రేమించి ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఆమెని పూర్తిగా వెలేస్తారు. భర్త పోయి, ఆమె అద్దెకి మనుషుల్ని పెట్టుకుని కొడుకుని పెంచి చచ్చిపోతే, సొంత వంశపు సమాధుల్లో ఆరడుగుల చోటు కూడా ఇవ్వరు. ఆ కొడుకు లూయీ మజ్జీని. అమ్మకి జరిగిన అవమానం తీర్చుకోవాలంటే తనే డ్యూక్ అవ్వాలి. డ్యూక్ అవ్వాలంటే ముందున్న వారసులంతా పోవాలి. చాలా మర్యాదగా, చేతికి మురికి అంటకుండా, ఒక్కొక్కరినీ పైకి పంపించడం మొదలుపెడతాడు. చూస్తూ మనం నవ్వుతాం. నవ్వినందుకు కాసేపటికి మనకే సిగ్గేస్తుంది. అదే ఆ సినిమా పద్ధతి.

అయిపోయాక ఐదుగురికీ ఐదు అభిప్రాయాలు. ఒకడు మొదటి అరగంట మరీ స్లో అన్నాడు. ఇంకొకడికి హీరో మాట తీరు తెగ నచ్చేసింది, హంతకుడిని ఇంత ఇష్టపడేలా ఎలా రాశారా అని ఆశ్చర్యపోయాడు. మూడోవాడికి చివర్లో వచ్చే ఒక పిల్లల పాట మీద కోపం వచ్చింది. అందులో నల్లజాతివాళ్ళని కించపరిచే మాట ఒకటుంది, వాడి కోపం న్యాయమే. నాలుగోవాడు అసలు ఆ కుటుంబంలో అందరి ముఖాలూ ఎక్కడో కలుస్తున్నాయి, క్యాస్టింగ్ బాగా చేశారు అన్నాడు.

అక్కడ నేను నవ్వాపుకోలేకపోయాను. ఎందుకంటే ఆ కుటుంబంలో తెరమీద కనిపించే ఎనిమిది మందీ ఒక్కడే. ముసలి డ్యూక్, బ్యాంకరు, చర్చి ఫాదర్, సైన్యంలో జనరల్, నేవీలో అడ్మిరల్, ఇద్దరు కుర్రాళ్ళు, ఓట్ల కోసం పోరాడే లేడీ అగాథా, అందరూ ఒకే మనిషి. ఆయన పేరు ఆలెక్ గిన్నెస్. మనలో చాలామందికి ఆయన 'స్టార్ వార్స్'లో గడ్డం తాతగా మాత్రమే తెలుసు.

ఆ రాత్రి తర్వాత ఆయన జీవితం గురించి దొరికింది దొరికినట్టు చదివాను. చదివాక సినిమా మళ్ళీ చూశాను. రెండోసారి అది వేరే సినిమాలా అనిపించింది. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

మూడు పేర్ల పిల్లాడు

ఆలెక్ గిన్నెస్ 1914 ఏప్రిల్ 2న లండన్‌లోని మైడా వేల్ అనే ప్రాంతంలో పుట్టాడు. తల్లి పేరు ఆగ్నెస్ కఫ్. పెళ్ళి కాలేదు. జనన ధ్రువపత్రంలో పిల్లాడి పేరు రాసేచోట ఆలెక్ గిన్నెస్ అని ఉంది. తండ్రి పేరు రాసేచోట ఏమీ లేదు. ఖాళీ.

మనం ఇంటర్ అప్లికేషన్ నుంచి కౌన్సెలింగ్ ఫారం దాకా ఎన్నిసార్లు ఆ గడి నింపి ఉంటాం? ఆలోచించకుండా నింపేస్తాం. ఇంటిపేరు కూడా అంతే, మన పేరుకి ముందు ఒక అక్షరమై అతుక్కుని ఉంటుంది. ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయే పిల్లాడి సంగతి మనకి తట్టదు. వంద సంవత్సరాల క్రితం ఇంగ్లండ్‌లో ఆ ఖాళీ చిన్న విషయం కాదు. పుట్టుకని బట్టే నువ్వు ఏ బడిలో చదువుతావో, ఎవరింట్లో కుర్చీలో కూర్చోగలవో తేలిపోయే సమాజం అది.

పిల్లాడికి ఐదేళ్ళ వయసులో తల్లి స్టివెన్ అనే సైనికాధికారిని పెళ్ళి చేసుకుంది. అప్పట్నుంచి వాడు ఆలెక్ స్టివెన్. ఆ పెళ్ళి మూడేళ్ళు నడిచింది. ఆ మనిషి కోపిష్టి, పిల్లాణ్ణి తుపాకీతో బెదిరించిన సందర్భం కూడా ఉంది. తర్వాత తల్లీకొడుకులు ఒక అద్దె గది నుంచి ఇంకో అద్దె గదికి, ఒక చవక హోటల్ నుంచి ఇంకో చవక హోటల్‌కి తిరిగారు. బిల్లు కట్టలేక రాత్రికి రాత్రి సామాన్లు సర్దుకున్న రోజులూ ఉన్నాయి. తల్లికి తాగుడు అలవాటు. ఆమె మీద ఆయనకి చేదు చివరిదాకా పోలేదు. అలా అని డబ్బు పంపడం మానలేదు కూడా.

పద్నాలుగేళ్ళప్పుడు తెలిసింది, తన పేరు స్టివెన్ కాదు, గిన్నెస్ అని. అంటే అప్పటికి వాడు కఫ్, స్టివెన్, గిన్నెస్ అని మూడు పేర్లు మోశాడు. అందులో ఏది తనదో చెప్పేవాళ్ళు లేరు. ఆండ్రూ గెడ్డెస్ అనే ఒక స్కాట్లండ్ బ్యాంకరు బోర్డింగ్ స్కూల్ ఫీజులు కట్టేవాడు, అప్పుడప్పుడు అంకుల్ అంటూ వచ్చి చూసి వెళ్ళేవాడు. ఆయనే తన తండ్రి అయ్యుండొచ్చని గిన్నెస్ పెద్దయ్యాక అనుకున్నాడు. ఇంకో పుకారు కూడా ఉంది. డబ్లిన్‌లో బీరు తయారుచేసే గిన్నెస్ కుటుంబం గురించి వినే ఉంటారు. ఆ వంశంలోవాళ్ళకి ఐవా ఎర్ల్ అనే బిరుదు ఉంది, ప్రభువుల సభలో సీటు ఉండేది. ఈ పిల్లాడి పేరుకి మూలం అక్కడుందేమోనని జనం చెవులు కొరుక్కునేవాళ్ళు. ఏదీ తేలలేదు. తల్లి నోరు విప్పలేదు.

ఒక్క క్షణం ఆగి సినిమా కథ గుర్తు తెచ్చుకోండి. గొప్ప వంశం గుమ్మం బయట పెరిగిన కుర్రాడు, అద్దె గదుల్లో బతుకు ఈడ్చే తల్లి, నీది కాదని చెప్పే ఇంటిపేరు. పోలిక కనిపిస్తోంది కదా.

నటన నేర్చుకున్నదెక్కడ

బడి అయ్యాక పద్దెనిమిదేళ్ళకి ఒక అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో కాపీరైటర్‌గా చేరాడు. మనసంతా నాటకాల మీదే. అప్పటికే పెద్ద పేరున్న నటుడు జాన్ గీల్గుడ్‌కి ధైర్యం చేసి ఫోన్ చేసి సలహా అడిగాడు. ఆయన మార్టిటా హంట్ అనే నటి దగ్గర పాఠాలు నేర్చుకోమన్నాడు. ఆమె కొన్ని రోజులు చూసి, ఈ పిల్లాడికి నటన రాదని తేల్చేసింది. తర్వాత ఎలాగో ఒప్పుకుంది. పన్నెండు పదమూడేళ్ళ తర్వాత డేవిడ్ లీన్ తీసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో ఆ టీచరూ ఈ స్టూడెంటూ ఇద్దరూ నటించారు. అది వేరే సరదా.

ఆ తర్వాత ఫే కాంప్టన్ నడిపే నాటక శిక్షణశాలలో స్కాలర్‌షిప్ వచ్చింది. పస్తులున్న రోజులవి. గీల్గుడ్ ఇరవై పౌండ్లు ఇవ్వబోతే అభిమానం అడ్డొచ్చి వద్దన్నాడు. చేబదులు కాదు, తనకి కావాల్సింది వేషం. 1934లో ఆ వేషం కూడా గీల్గుడే ఇచ్చాడు. తన 'హామ్లెట్' నాటకంలో ఓస్రిక్ అనే చిన్న పాత్ర. ఓస్రిక్ ఎవరో తెలుసా? రాజుగారి కొలువులో టోపీ తిప్పుతూ నంగినంగిగా మాట్లాడే డాబుసరి మనిషి. ప్రభువర్గాన్ని వెక్కిరించడం ఆయన కెరీర్‌లో అలా తొలి మెట్టు దగ్గరే మొదలైంది.

1938లో ఓల్డ్ విక్ రంగస్థలం మీద టైరోన్ గత్రీ దర్శకత్వంలో ఆయనే హామ్లెట్. అదీ పాతకాలపు దుస్తుల్లో కాదు, అప్పటి కోట్లు సూట్లలో. అదే ఏడాది మెరులా సాలమన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1940లో కొడుకు మాథ్యూ పుట్టాడు. పుట్టగానే వాడికి ఇంటిపేరు సిద్ధంగా ఉంది.

యుద్ధంలో నేవీలో మామూలు సెయిలర్‌గా చేరి, తర్వాత అధికారి అయ్యాడు. 1943 జూలైలో సిసిలీ దీవి మీద దాడి జరిగినప్పుడు సైనికుల్ని ఒడ్డుకి చేర్చే పడవ ఒకటి ఆయన చేతిలో ఉంది. దాడి కాస్త వాయిదా పడిందన్న కబురు ఆ పడవకి అందలేదు. పాపం, అందరికంటే ముందే ఒడ్డుకి చేరిపోయాడు. ఆరేళ్ళ తర్వాత సినిమాలో మూర్ఖపు అడ్మిరల్‌గా ఓడతో సహా మునిగిపోయే సీను చేస్తున్నప్పుడు ఈయనకి నేవీ అధికారులు ఎలా నిలబడతారో, ఎలా సెల్యూట్ కొడతారో ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

నాలుగు అడిగితే ఎనిమిది

యుద్ధం తర్వాత లీన్ సినిమాలు రెండు చేశాడు. రెండోది 1948లో వచ్చిన 'ఆలివర్ ట్విస్ట్'. అందులో ఫేగిన్ అనే దొంగల గురువు వేషం కోసం పెట్టుకున్న పెద్ద ముక్కు యూదుల్ని అవమానించేలా ఉందని గొడవైంది. 1949లో బెర్లిన్‌లో థియేటర్ దగ్గర యూదులు నిరసన చేశారు. హిట్లర్ పోయి నాలుగేళ్ళు కూడా కాలేదు మరి. అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు, అదీ కొన్ని కోతలతో. ముఖం మార్చుకోవడంలో ఉన్న ప్రమాదం ఏంటో ఆయనకి మొదట్లోనే చూపించిన సినిమా అది. ఈ విషయం మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంతలో ఈలింగ్ నుంచి పిలుపొచ్చింది. రాయ్ హార్నిమన్ 1907లో రాసిన ఒక నవల ఆధారంగా స్క్రిప్ట్ తయారైంది. డాస్కాయిన్ కుటుంబంలో నాలుగు పాత్రలు వెయ్యమని అడిగారు. చదివి, నాలుగెందుకు, ఎనిమిదీ నేనే చేస్తానన్నాడు.

మనకి ఇలాంటివి కొత్త కాదు. 1966లో 'నవరాత్రి'లో అక్కినేని తొమ్మిది పాత్రలు వేశారు. 'దానవీరశూర కర్ణ'లో ఎన్టీఆర్ మూడు వేషాలు కట్టారు. కమల్ 'దశావతారం' మనం చిన్నప్పుడే టీవీలో చూసేశాం. కానీ ఒక తేడా ఉంది. మన దగ్గర బహుపాత్రాభినయం అంటే ప్రతి వేషంలోనూ మన హీరో కనిపించాలి, కనిపించగానే విజిల్ పడాలి. గిన్నెస్ దానికి సరిగ్గా ఎదురు. ఎక్కడా తను కనిపించకూడదు. మా రూములో నాలుగోవాడిలాగా చూసేవాడు మోసపోవాలి.

ఎలా చేశాడు? మేకప్ ఒక్కటే కాదు. ముసలి ఫాదర్ నోట్లో మాట నానుతూ వస్తుంది. జనరల్ పాత యుద్ధం కబుర్లు చెప్తూ ఎదుటివాళ్ళని నిద్రపుచ్చుతాడు. కుర్ర హెన్రీ కళ్ళలో భార్యకి తెలియకుండా ఒక గుక్క తాగే భయం ఉంటుంది. బ్యాంకరు ఒక్కడే కాస్త మంచివాడు, అందుకే ఆయన మాట నెమ్మదిగా ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో నడక, ఒక్కో ఊపిరి. కొందరు తెరమీద ఉండేది రెండు మూడు నిమిషాలే. అంతలోనే ఒక జీవితం కనిపించి, పోతుంది.

మన బ్రాంచీలవాళ్ళకి నచ్చే ముక్క ఇప్పుడు. చర్చిలో ఒక సంస్మరణ సీను ఉంది. అందులో డాస్కాయిన్లు ఆరుగురు ఒకే ఫ్రేములో కనిపిస్తారు. కంప్యూటర్ లేదు, గ్రీన్ స్క్రీన్ లేదు. కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్ ఏం చేశాడంటే, కెమెరా కదలకుండా గట్టిగా బిగించాడు. లెన్సు ముందు నల్లటి మాస్కులు పెట్టి, ఒకసారికి ఫ్రేములో ఒక ముక్క మాత్రమే తెరిచాడు. గిన్నెస్ ఒక వేషంలో వచ్చి తన చోట కూర్చుని నటించి వెళ్ళేవాడు. తర్వాత అదే ఫిల్మును లెక్కపెట్టి వెనక్కి చుట్టి, ఆ ముక్క మూసి పక్క ముక్క తెరిచేవాళ్ళు. మేకప్ మార్చుకుని వచ్చేసరికి గంటలు పట్టేది. మధ్యలో ఎవరైనా కెమెరాని వెంట్రుకవాసి కదిపినా ముందు తీసినదంతా వృథా. రోజులు పట్టిన ఆ పని మధ్యలో రాత్రి ఎవరూ కెమెరా ముట్టుకోకుండా స్లోకోంబ్ స్టూడియోలో దాని పక్కనే పడుకున్నాడు. తెరమీద మాత్రం కొన్ని సెకన్లు.

ఆ షాటు నాకు ఇంకోలా కూడా కనిపించింది. ముసలివాళ్ళు, అధికారులు, అత్తయ్య, అందరూ ఒకే ముక్కు, ఒకే కళ్ళతో వరసగా కూర్చున్నారు. ఫ్యామిలీ ఫోటో అది. చిన్నప్పుడు ఒక్క బంధువు ముఖం కూడా తెలియని మనిషి, ఒక్కడే కూర్చుని ఒక వంశం మొత్తం కట్టుకున్నాడు. ఆయన అలా అనుకుని చేశాడని నేను అనను. అయినా చూసేవాడిగా నాకు ఆ ఫోటో నవ్వుతో పాటు గొంతులో ఏదో అడ్డం పడేలా చేసింది.

నవ్వెవరి మీద

ఆ సినిమా వచ్చిన టైము కూడా చూడాలి. 1949లో బ్రిటన్‌లో లేబర్ ప్రభుత్వం ఉంది. అదే ఏడాది చట్టం చేసి, ప్రభువుల సభ ఒక బిల్లుని ఆపగలిగే కాలాన్ని రెండేళ్ళ నుంచి ఒక ఏడాదికి తగ్గించారు. సినిమా చివర్లో లూయీని ప్రభువుల సభే విచారిస్తుంది, ఎందుకంటే ప్రభువుని తోటి ప్రభువులే విచారించాలి. ఆ పద్ధతిని నిజజీవితంలో 1948లోనే రద్దు చేశారు. అంటే జనం థియేటర్లో నవ్వింది అప్పుడే పాడె ఎక్కుతున్న ఒక వ్యవస్థని చూసి.

లూయీ అసలు చంపింది ఆరుగురినే. అడ్మిరల్ తన మొండితనంతో తనే మునుగుతాడు. బ్యాంకరు తనకి డ్యూక్ పదవి వచ్చిందని తెలిసిన షాకుకే పోతాడు. సినిమాలో నాకు బాగా నచ్చిన వెటకారం ఇంకోటి ఉంది. అన్ని హత్యలు చేసినవాణ్ణి పట్టుకున్నది వాడు చెయ్యని ఒకే ఒక్క చావు కేసులో. అందులోంచి బయటపడతాడు కూడా. కానీ జైలు గదిలో తన నేరాలన్నీ పూసగుచ్చినట్టు రాసుకున్న పుస్తకం మర్చిపోయి వస్తాడు. సినిమా అక్కడ ఆగిపోతుంది. అమెరికా సెన్సార్ నియమాలకి ఇది సరిపోలేదు, నేరస్థుడికి శిక్ష పడాల్సిందే. అందుకని అక్కడి ప్రింటులో ఆ పుస్తకం అధికారుల చేతికి దొరికినట్టు కొన్ని సెకన్ల ముక్క అతికించారు. ప్రేక్షకుడి తెలివిని నమ్మడానికీ నమ్మకపోవడానికీ మధ్య తేడా ఆ కొన్ని సెకన్లే.

ఈ సినిమా గురించి ఎప్పటికీ తేలని వాదన ఒకటుంది. పేరంతా గిన్నెస్ కొట్టేశాడు, నిజానికి సినిమాని భుజాన మోసింది లూయీగా చేసిన డెనిస్ ప్రైస్ అని చాలామంది అంటారు. రెండుసార్లు చూశాక నేను కూడా వాళ్ళ వైపే. ఎనిమిది వేషాలకి కళ్ళు జిగేల్మంటాయి గానీ, చల్లని ఆ గొంతు లేకపోతే కథ నిలబడదు. ప్రైస్ తర్వాత అప్పులపాలై 1973లో పోయాడు. దర్శకుడు హేమర్‌ని తాగుడు తినేసింది, 1963లో యాభై రెండేళ్ళకే పోయాడు. ముగ్గురిలో గిన్నెస్ ఒక్కడే చాలా దూరం నడిచాడు.

తర్వాతి ముఖాలు

ఈలింగ్‌లోనే 1951లో 'ది మ్యాన్ ఇన్ ది వైట్ సూట్' చేశాడు. ఇంజినీరింగ్ చదివే ప్రతివాళ్ళూ చూడాల్సిన సినిమా అది. ఎప్పటికీ చిరగని, మాయని గుడ్డ కనిపెట్టిన కెమిస్టు కథ. మిల్లు యజమానులూ, కార్మికులూ, ఎప్పుడూ కలవని ఆ రెండు వర్గాలూ వాడి మీదకి కలిసి వస్తారు. అదే ఏడాది లండన్ స్టేజీ మీద తనే హామ్లెట్ వేస్తే ఘోరంగా దెబ్బతింది. మొదటి రోజే గ్యాలరీ నుంచి జనం గోల చేశారు. ఆ ఓటమి చాలా ఏళ్ళు ఆయన్ని వదల్లేదు.

1954లో హేమర్ దర్శకత్వంలోనే 'ఫాదర్ బ్రౌన్'. ఫ్రాన్స్‌లో షూటింగ్. ఒక సాయంత్రం ఫాదర్ వేషంలోనే రూముకి నడుచుకుంటూ వెళ్తుంటే, ముక్కూ ముఖం తెలియని ఒక చిన్నపిల్లాడు నిజం ఫాదర్ అనుకుని చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్తూ నడిచాడట. వేషానికి దక్కిన ఆ నమ్మకం ఆయన్ని కదిలించింది. ఆ రోజుల్లోనే కొడుకు మాథ్యూకి పోలియో వచ్చింది. నడుస్తాడో లేదో తెలియని రోజుల్లో దారిలో ఉన్న క్యాథలిక్ చర్చిలోకి వెళ్ళి కూర్చునేవాడు. కొడుకు కోలుకున్నాడు. 1956లో గిన్నెస్ క్యాథలిక్ మతంలో చేరాడు. ఫాదర్ అనే పిలుపుకి రెండర్థాలున్న భాషలో, తండ్రి లేనివాడికి ఆ పసివాడి చెయ్యి ఏం చెప్పి ఉంటుందో మీరే ఊహించుకోండి.

1957లో 'ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్'. శ్రీలంకలో తీసిన ఈ సినిమాకి ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. అందులో ఆయన కర్నల్ నికల్సన్. శత్రువుల చెరలో ఉండి కూడా బ్రిటిష్ క్రమశిక్షణ చూపించాలని వాళ్ళకే గట్టి వంతెన కట్టిపెట్టే మనిషి. ఎనిమిదేళ్ళ క్రితం నవ్వించిన డాస్కాయిన్ జనరల్‌కి ఇతను విషాదంలో తమ్ముడు. గర్వం ఒకటే, ఇక్కడ మాత్రం నవ్వు రాదు.

1959లో రాణి ఆయన్ని సర్ చేసింది. అదిగో, ప్రభువుల ప్రపంచం తలుపు తెరిచింది. కానీ ఒక తిరకాసు ఉంది. నైట్ బిరుదు వారసులకి పోదు. డ్యూక్ కొడుకు డ్యూక్ అవుతాడు గానీ, సర్ కొడుకు సర్ అవ్వడు. ఎవరి కష్టం వాళ్ళదే. ఆయనకి సరిగ్గా సరిపోయిన బిరుదు అనిపిస్తుంది నాకు.

మెచ్చుకోలేని వేషం కూడా చెప్పాలి. 1984లో లీన్ 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' తీశాడు. చాలాభాగం బెంగళూరు వైపే షూటింగ్. విక్టర్ బెనర్జీ, సయీద్ జాఫ్రీ, రోషన్ సేథ్ లాంటి మన నటులు ఉండగా, ప్రొఫెసర్ గోడ్బోలే అనే బ్రాహ్మణుడి పాత్రకి ఒంటికి రంగు పూసుకుని గిన్నెస్ వచ్చాడు. ఈ రోజు చూస్తుంటే ఇబ్బందిగా ఉంటుంది. ఫేగిన్ ముక్కు దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం పూర్తిగా ఒంటపట్టలేదేమో. డాస్కాయిన్ల వేషం కడితే పైవాళ్ళ మీద జోకు, గోడ్బోలే వేషం కడితే మన మీద జోకు. అదే మేకప్, అదే ప్రతిభ, కానీ ఎవరి ముఖం పెట్టుకుంటున్నావన్నది లెక్కలోకి వస్తుంది. ఆయన కష్టపడి చేసిన డాన్సు సీనుని లీన్ తీసేస్తే బాధపడ్డాడు. మనకైతే అది ఎడిటింగ్‌లో పోవడమే మేలైందేమో.

వంద సార్లు చూసిన పిల్లాడు

1977లో వచ్చిన 'స్టార్ వార్స్' ఆయన్ని కోటీశ్వరుణ్ణి చేసింది. ముందుగానే లాభాల్లో చిన్న వాటా మాట్లాడుకోవడం వల్ల చివరిదాకా డబ్బుకి లోటు లేకుండా పోయింది. కానీ అందులో డైలాగులంటే ఆయనకి గిట్టేది కాదు. అభిమానుల ఉత్తరాల్లో అన్నీ ఆ ఒక్క సినిమా గురించే. ఒకసారి అమెరికాలో ఒక పిల్లాడు వచ్చి ఆ సినిమా వంద సార్లకి పైగా చూశానని గర్వంగా చెప్పాడు. ఆటోగ్రాఫ్ ఇస్తాను గానీ, ఇంకెప్పుడూ ఆ సినిమా చూడనని మాట ఇవ్వాలన్నాడు గిన్నెస్. పిల్లాడు ఏడ్చేశాడు. తల్లికి కోపమొచ్చి లాక్కుపోయింది. ఈ సంగతి ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు.

మొదట చదివినప్పుడు ముసలాయనకి ఇంత పొగరా అనుకున్నాను. తర్వాత వేరేలా తోచింది. జీవితమంతా ఒక్క ముఖానికి చిక్కకుండా తిరిగినవాడు చివరికి ఒకే ముఖానికి చిక్కాడు. ఆ పిల్లాడిది తప్పు కాదు, ఆయన బాధా అబద్ధం కాదు. మా రూములో నలుగురూ కూడా ముందు ఆయన్ని ఆ గడ్డంతోనే గుర్తుపట్టారు.

1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఇరవయ్యో శతాబ్దపు వంద మేటి బ్రిటిష్ సినిమాల జాబితా వేసింది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'కి మూడో స్థానం, 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'కి ఐదు, 'కైండ్ హార్ట్స్ అండ్ కొరోనెట్స్'కి ఆరు. మొదటి ఆరింటిలో మూడింట్లో ఆయన ఉన్నాడు. చూసి గుర్తుపట్టడం మాత్రం కష్టం.

2000 ఆగస్టు 5న క్యాన్సర్‌తో పోయాడు. ఎనభై ఆరేళ్ళు. భార్య మెరులా రెండు నెలలకే ఆయన వెంట వెళ్ళింది. అరవై రెండేళ్ళ కాపురం. తండ్రి ఎవరన్న ప్రశ్నకి జవాబు ఆయనకి దొరకనే లేదు. కొడుకు మాథ్యూ కూడా నటుడే అయ్యాడు, తెరమీద మాథ్యూ గిన్నెస్ అన్న పేరుతో. ఆ ఇంటిపేరు ఎక్కడ్నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు గానీ, మాథ్యూకి మాత్రం తెలుసు, నాన్న నుంచి వచ్చిందని.

కుదిరితే ఈ సినిమా చూడండి. మొదటిసారి కథ కోసం చూడండి. రెండోసారి ఆ చర్చి సీను దగ్గర పాజ్ చేసి, ఆరుగురినీ ఒక్కొక్కరినీ చూడండి.